భాగాలన్నీ అసలువే, యంత్రమే అసలుది కాదు

మేముండే ఊరి పేరు ఎడిసన్. న్యూజెర్సీలో తెలుగువాళ్లు స్థిరపడిన ఊళ్లలో ముందు గుర్తొచ్చే ఈ పేరు 1954లో పెట్టారు. అంతకుముందు ఇది రారిటన్ టౌన్‌షిప్. 1877లో థామస్ ఎడిసన్ తొలి ఫోనోగ్రాఫ్‌ను మాట్లాడించిన మెన్లో పార్క్ ఈ ఊళ్లోనే ఉంది. ఆ మాట తెలిసిన రోజు పట్టుకున్న పిచ్చి ఇంతవరకు వదల్లేదు. పాట నింపిన మైనపు గొట్టాలను తిప్పి వినిపించే సిలిండర్ ఫోనోగ్రాఫులు సేకరిస్తున్నాను, ఉన్నవాటిని విప్పి తుడిచి మళ్లీ బిగిస్తున్నాను. అందుకే ఈ యంత్రాలు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు విచ్చలవిడిగా వాడుతున్న "ఒరిజినల్" అనే మాట మీద నాకున్న కోపాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మూడేళ్ల కిందట ఒక అమ్మకందారు దగ్గర ఎడిసన్ స్టాండర్డ్ కొన్నాను. 1898లో 20 డాలర్లకు మార్కెట్‌లోకి వచ్చి, మధ్యతరగతి అమెరికన్ ఇళ్లలోకి పాటను తీసుకెళ్లిన యంత్రం అది. "అన్నీ ఒరిజినల్ భాగాలే, మీరు ఎక్కడైనా చూపించుకోవచ్చు" అన్నాడాయన. ఇంటికి తెచ్చి, కీ తిప్పి, నల్లటి మైనపు సిలిండర్ ఎక్కించగానే పాట వెనక నుంచి గరగరమని గీరుతున్న చప్పుడు వచ్చింది. వెంటనే ఆపి, సూదితో గాడిని తాకి పాటను వినిపించే భాగమైన రిప్రొడ్యూసర్‌ను తీసి భూతద్దం కింద పెట్టి చూస్తే, దాని మీద మోడల్ హెచ్ అని స్పష్టంగా ఉంది.

తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. మొదట వచ్చిన సిలిండర్ల మీద గాడి అంగుళానికి 100 చుట్లు తిరుగుతుంది. 1902 నుంచి అచ్చు పోసి చేసిన సిలిండర్లకు నిమిషానికి 160 చుట్ల వేగం స్థిరపడింది. కాబట్టి సుమారు నాలుగు పావు అంగుళాల పొడవున్న సిలిండర్ మీద రెండు నిమిషాలు దాటి కాస్త పాట పడుతుంది. 1908లో ఆంబెరోల్ పేరుతో వచ్చిన సిలిండర్ల మీద అదే అంగుళంలో 200 చుట్లు ఇరికించి, పాటను నాలుగు నిమిషాలకు పెంచారు. గాడి సన్నబడింది కాబట్టి సూది కూడా సన్నబడాలి. రెండు నిమిషాల గాడి కోసం మోడల్ సి రిప్రొడ్యూసర్, నాలుగు నిమిషాల గాడి కోసం మోడల్ హెచ్ తయారయ్యాయి. రెండింటి చుట్టుకొలత ఒకటే కావడంతో ఒకదాని స్థానంలో మరొకటి చక్కగా కూర్చుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. నా యంత్రంలో ఉన్నవి రెండు నిమిషాల గేర్లు మాత్రమే. సన్నటి సూది వెడల్పాటి గాడి అడుగుకు దిగి మైనాన్ని గీరుతోంది. పోనీ అని నాలుగు నిమిషాల సిలిండర్ ఎక్కిస్తే, సూదిని మోసే క్యారేజ్ గాడి కంటే రెట్టింపు వేగంతో పక్కకు జరిగిపోతుంది. ఆ రిప్రొడ్యూసర్ ఆ యంత్రం మీద ఏ సిలిండర్‌కూ పనికిరాదు.

ఫోన్ చేసి అడిగితే అమ్మకందారు ఏమాత్రం తొణకకుండా, "అది నకిలీ అని మీరు నిరూపించగలరా?" అన్నాడు. నిరూపించలేను, ఎందుకంటే అది నకిలీ కాదు. రిప్రొడ్యూసర్ ఎడిసన్ కర్మాగారంలో చేసినదే, యంత్రమూ అక్కడిదే, హారన్ కూడా ఆ కాలానిదే. కాని ఈ మూడూ కలిసి ఒక ఇంట్లో ఒక్క రోజైనా పాట వినిపించి ఉండవు. మూడు వేర్వేరు యంత్రాల శవాల నుంచి తీసి జత చేసిన దాన్ని "అన్నీ ఒరిజినల్" అని అమ్మడంలో అక్షరాలా అబద్ధం లేదు, నిజమూ లేదు.

దీనికి సరిగ్గా ఎదురు కొసన ఇంకొక రకం మనుషులున్నారు, నిజం చెప్పాలంటే నాకు వాళ్ల మీదే కోపం ఎక్కువ. ఆంబెరోల్ సిలిండర్లు వచ్చినప్పుడు, పాత యంత్రాలున్నవాళ్లు కూడా వాటిని వినేందుకు వీలుగా ఎడిసన్ కంపెనీయే అదనపు గేర్లు అమ్మింది. సిలిండర్‌ను మోస్తున్న మాండ్రెల్ మామూలు వేగంతోనే తిరుగుతుంటే, క్యారేజ్‌ను పక్కకు జరిపే ఫీడ్ స్క్రూ మాత్రం సగం వేగంతో తిరిగేలా ఆ గేర్లు చేస్తాయి. ఏ పల్లెలోనో ఒక రైతు తన పాత స్టాండర్డ్‌కు డబ్బు పెట్టి ఆ గేర్లు బిగించుకున్నాడనుకోండి, ఆ మీదట రెండు సూదులూ ఉండి తిప్పితే మారే మోడల్ కె రిప్రొడ్యూసర్ కూడా కొనుక్కున్నాడనుకోండి. అది ఆ యంత్రం బతుకులో నిజంగా జరిగిన సంగతి. ఇప్పుడు మన శుద్ధవాదులు వాటిని ఊడబీకి, "ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికి తెచ్చాం" అని గర్వంగా ఫొటోలు పెడుతున్నారు. హంస మెడలా వంగిన సిగ్నెట్ హారన్‌ను పాత యంత్రం మీద చూస్తే చాలు, వీళ్ల చెయ్యి ఊరుకోదు. నూరేళ్ల కిందటి యజమాని చేయించిన మార్పును చెరిపేసి, నిన్న మనం చేసిన మార్పును అసలు రూపం అనడం ఏ లెక్కన సబబో నాకు అర్థం కాదు.

గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు, ఓపిక ఉండాలి. తళతళ మెరుస్తున్న భాగానిది క్రోమ్ పూతయితే, ఆ పూత యంత్రం తయారైన చాలా ఏళ్ల తర్వాతిదని తెలుసుకోవాలి. క్రోమియం పూత వ్యాపారంలోకి వచ్చింది 1920ల నడుమనే, ఈ యంత్రాలకు వేసింది నికెల్. నికెల్ మెరుపులో కాస్త పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమ్ నీలంగా చల్లగా కనిపిస్తుంది. తలపై కూడిక గుర్తులా గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూ కనిపిస్తే ఇక ఆలోచించే పనే లేదు, అవి 1930లలో వచ్చాయి, ఎడిసన్ ఫోనోగ్రాఫుల తయారీ 1929లోనే ఆగిపోయింది. రిప్రొడ్యూసర్ మీది నంబరు యంత్రం పలక మీది నంబరుతో కలవలేదని బెంబేలెత్తేవాళ్లను చూశాను. అవి రెండూ ఎప్పుడూ కలవవు, దేని వరుస దానిదే. తోలు బెల్టు, స్ప్రింగు, రిప్రొడ్యూసర్‌లోని రబ్బరు వాషర్లు అరిగిపోయేవి, గట్టిపడేవి. వాటిని మార్చడం తప్పు కాదు, మార్చకపోతేనే తప్పు. అలాగని వజ్రపు సూది ఉన్న రిప్రొడ్యూసర్ దొరికింది కదా అని మైనపు సిలిండర్ మీద పెట్టకండి. అది 1912లో వచ్చిన సెల్యులాయిడ్ బ్లూ ఆంబెరోల్ కోసం చేసిన బరువైన పరికరం, మైనాన్ని దున్నేస్తుంది.

హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా మా బావమరిది జుమ్మేరాత్ బజారులో చూసిన ఇత్తడి హారన్ల గ్రామఫోన్ల గురించి చెబుతాడు: "బావా, మీ దాని కంటే మెరుస్తున్నాయి, రేటు కూడా తక్కువ." అవి పళ్లెపు రికార్డులు తిప్పేవి, వాటిలో చాలావరకు కొత్త చెక్కపెట్టె, కొత్త హారన్, పాత మోటారు కలిపి కట్టినవి, పైన హెచ్‌ఎంవీ కుక్క బొమ్మ అతికించినవి. ఆ కుక్క బొమ్మ కథ మాత్రం వినదగ్గది. ఫ్రాన్సిస్ బరాడ్ మొదట గీసినప్పుడు నిప్పర్ అనే ఆ కుక్క వింటున్నది సిలిండర్ ఫోనోగ్రాఫునే. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ చిత్రాన్ని కొంటూ, ఫోనోగ్రాఫును కప్పేసి తమ పళ్లెపు యంత్రాన్ని గీయించింది. మన ఇళ్లలో మూడు తరాలు చూసిన ఆ బొమ్మలోనే ఒక భాగం మారిపోయి ఉంది.

ఇంత చెప్పే నేను తప్పు చేయలేదా అంటే, చేశాను. స్టాండర్డ్ మీది నల్లటి ఇనుప పలక అంచుల వెంట సన్నని బంగారు గీతలు ఉంటాయి. మురికి పట్టిందని వంటింట్లో వాడే క్లీనర్‌తో దూది తడిపి ఒక్కసారి రాశాను. మురికి పోలేదు కాని, దూది మాత్రం పసుపుపచ్చగా మెరిసింది. నాలుగు అంగుళాల గీత నా చేతిలోకి వచ్చేసింది. దాన్ని కొత్త బంగారు రంగుతో పూడ్చమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. పూడ్చలేదు.

ఆ తర్వాత సరైన మోడల్ సి దొరికింది, పెట్టాను, గరగర పోయింది. పాత మోడల్ హెచ్‌ను పారేయకుండా చిన్న డబ్బాలో దాచాను. పెట్టె లోపల, మోటారు పక్కన ఒక కాగితం అతికించి ఇంగ్లీషులో రాసి పెట్టాను: రిప్రొడ్యూసర్ నేను మార్చాను, ముందున్నది హెచ్, బెల్టు కొత్తది, ఎడమ వైపు గీత చెరిపింది నేనే. కింద తేదీ వేశాను. అమ్మేవాళ్లను నేను అడుగుతున్నది ఆ పాటి కాగితం ముక్క.