కాశీకి ఎన్ని పెట్టెలు?

శ్రీకాకుళంలో ఒక ఉమ్మడి కుటుంబం. డిసెంబరు చివర ఏడుగురు కాశీకి బయలుదేరుతున్నారు. కాశీలో తొమ్మిది రాత్రుల నిద్ర, మధ్యలో ఒక రోజు ప్రయాగ, తిరుగుదారిలో గయ, సంక్రాంతికి ముందే ఇల్లు చేరాలన్నది సంకల్పం. టికెట్ల దగ్గర రాని తగవు సామాను దగ్గర వచ్చింది. పెట్టెలు నిండుగా ఉండాలన్న పక్షానికి అత్త, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు. సంచి తేలికగా ఉండాలన్న పక్షానికి ఆమె మేనకోడలు, మూడేళ్ళకొక ఊరు మారే బ్యాంకు ఉద్యోగిని. రాత్రి భోజనాలయ్యాక ఇంటివాళ్ళు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తేల్చమన్నారు. వారి మాటలను కాస్త సరిదిద్ది రాస్తున్నాను. ఇంత శుభ్రమైన భాషలో ఎవరూ ఇంట్లో తగవు పడరని వేరే చెప్పనక్కరలేదు.

మేనకోడలు: అత్తా, మీరు రాసిన జాబితా చూశాను. మనిషికొక పెద్ద పెట్టె, ఒక చేసంచి, ఇవి గాక రెండు హోల్డాళ్ళు (పక్కబట్టల చుట్టలు), తినుబండారాల డబ్బాలు. స్లీపరులో మనిషికి 40 కిలోల వరకు రుసుము లేకుండా తీసుకుపోవచ్చన్నది రైల్వేవారి నియమం. అది గరిష్ఠ పరిమితే గాని, అంతా నింపి తీరాలన్న ఆజ్ఞ కాదు. ఎదురెదురు బెర్తులు ఆరు ఉంటే, కింది బెర్తుల అడుగున సామాను పెట్టుకునే చోట్లు రెండే ఉంటాయి. మన ఏడు పెట్టెలూ అక్కడ పట్టవు. పట్టించినా పక్కవారితో తగవు తప్పదు. పైగా మనం ఎక్కేది విజయనగరంలో. రైలు అక్కడ ఆగే కాసేపట్లో మోకాళ్ళ నొప్పులతో ఉన్న మామయ్యను ఎక్కించాలా, పెట్టెలు ఎక్కించాలా?

అత్త: రైలు ఎక్కించే సంగతి తర్వాత చూద్దాం, తల్లీ. ఎక్కాక రాత్రి పడుకోవాలి కదా! ఏసీ బోగీలో దుప్పటి, దిండు వారే ఇస్తారు. స్లీపరులో ఇచ్చేవారెవరూ లేరు. మన ఊళ్ళో డిసెంబరులో పల్చటి దుప్పటి కప్పుకుంటే తెల్లవారిపోతుంది గాని, ఆ రోజుల్లో కాశీలో రాత్రి చలి 10 డిగ్రీల దాకా, ఒక్కోసారి అంతకన్నా కిందికీ దిగుతుంది. స్వెటరు బీరువాలో అలంకారంగా ఉండే ఊరి మనుషులం మనం. దానికి తోడు ఉత్తరాదిన ఆ నెలల్లో పొగమంచు పడితే రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఏ చిన్న స్టేషనులోనో రైలు నిలిచిపోయినప్పుడు, చలిలో కప్పుకోవడానికి బొంత లేక, తినడానికి జంతిక ముక్క లేక కూర్చున్నవారికి సంచి తేలికగా ఉందన్న సంతోషం ఎంతసేపు నిలుస్తుంది?

మేనకోడలు: చలికి బదులు చెప్పడానికి హోల్డాలు అక్కరలేదు. ఒక మందపాటి బొంత కన్నా ఒకదాని మీద ఒకటి వేసుకున్న రెండు మూడు పల్చటి బట్టలు ఎక్కువ వెచ్చగా ఉంచుతాయి. వాటి మధ్య చిక్కుకున్న గాలే చలిని ఆపుతుంది. పగలు ఎండ వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా తీసేయవచ్చు, బొంతకు ఆ సౌకర్యం లేదు. అందరికన్నా బరువైన స్వెటరు, బూట్లు ప్రయాణం రోజున ఒంటి మీదే ఉంటే సంచిలో వాటికి చోటు వెతకనక్కరలేదు. ఇక మనిషికి నాలుగు జతలు చాలు. రెండు ఉతికి ఆరవేస్తే రెండు కట్టుకుంటాం.

అత్త: ఆరవేస్తే సరిపోదు, అవి ఆరాలి! సూర్యుడు పది గంటలకు గాని కనిపించని ఊళ్ళో, గాలి ఆడని ఆశ్రమం గదిలో, తాడు మీద వేసిన నూలు చీర మర్నాటికి ఆరుతుందని ఏ నమ్మకంతో చెబుతున్నావు? నువ్వు ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్ళి వచ్చే లెక్క ఇక్కడ పనికిరాదు. కాశీలో రోజూ గంగా స్నానం ఉంటుంది, ప్రయాగలో సంగమ స్నానం ఉంటుంది, గయలో పిండప్రదానానికి మీ మామయ్యకు మడి పంచె, కండువా వేరుగా ఉండాలి. స్నానానికి ఒక బట్ట, స్నానం చేసి కట్టుకోవడానికి ఒక బట్ట, గుడికి వెళ్ళడానికి ఒక బట్ట. దీన్ని ఆడంబరం అంటే నేను ఒప్పుకోను.

మేనకోడలు: ఆడంబరం అనడం లేదు, అత్తా. స్నానానికి పల్చటి సిల్కు చీర ఒకటే రోజూ వాడితే అది సగం తడిగా ఉన్నా నష్టం లేదు, మళ్ళీ తడిసేదే కదా. మామయ్యకు మీరు తీసిపెట్టిన ముతక పంచెల బదులు పొందూరు సన్నఖద్దరు పంచెలు రెండు పెట్టండి. నేత ఎంత పల్చనైతే అంత త్వరగా ఆరుతుంది. ఉతికిన బట్టను ఊరికే పిండి తాడు మీద వేయకుండా, పొడి తువ్వాలు పరిచి, దాని మీద బట్టను పరిచి, రెంటినీ కలిపి చాపలా గట్టిగా చుట్టి, మోకాలితో అదమండి. నీరు చాలావరకు తువ్వాలులోకి దిగిపోతుంది. విజయనగరంలో ఒంటిగదిలో ఉన్న రోజుల్లో వానాకాలమంతా నేను ఈ పద్ధతితోనే నెట్టుకొచ్చాను.

అత్త: ఆ తువ్వాలును ఎలా ఆరబెడతావు?

(ఈ ప్రశ్నకు హాలంతా నవ్వింది. నా లెక్కలో అది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదు. తేలిక సంచుల సిద్ధాంతంలో ఎక్కడో ఒకచోట ఇలాంటి తడి తువ్వాలు మిగిలే ఉంటుంది.)

అత్త: నవ్వులు కట్టిపెట్టి నా అసలు మాట వినండి. క్రిందటిసారి పూరీ వెళ్ళినప్పుడు ఈ అమ్మాయి భుజాన ఒక్క సంచితో వచ్చి అందరి మెప్పూ పొందింది. జాకెట్టు హుక్కు ఊడితే సూదీదారం నా పెట్టెలోంచి వచ్చాయి. తలనొప్పి మాత్ర నాది, గొడుగు నాది, ఎండలో నడిచి వచ్చి తాగిన మజ్జిగలోకి ఉప్పు పొట్లం కూడా నాదే. తల్లీ, నీ సంచి తేలికైంది నా పెట్టె బరువు వల్లనే. గుంపులో ఒకరు బరువు మోస్తేనే మరొకరికి తేలికగా నడిచే భాగ్యం కలుగుతుంది. లేనివి అక్కడ కొనుక్కుందామంటావా, నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చేవారి మాట అది. ఏడుగురికి ఏడు చోట్ల గొడుగు, చెప్పులు, శాలువ కొనుక్కుంటూ పోతే ప్రయాణం ఖర్చు రెండింతలవుతుంది.

మేనకోడలు: మీ సూది వాడుకున్న మాట నిజమే. అందుకే అడుగుతున్నాను, ఏడుగురికి సూదులు ఎన్ని కావాలి? మీ జాబితాలో కొబ్బరినూనె సీసాలు ఏడు, సబ్బు పెట్టెలు ఏడు, ఫోను ఛార్జర్లు ఏడు ఉన్నాయి. మనిషి మనిషికీ వేరుగా కట్టడం వల్లే బరువు పెరిగింది గాని, మీ ముందుచూపు వల్ల కాదు. నూనె, సబ్బు, సూదీదారం, టార్చిలైటు, చాకు అందరికీ కలిపి ఒకే సంచిలో పెట్టుకుంటే, ఆ సంచిని నేనే మోస్తాను. ఖాళీ పెట్టే మూడు నాలుగు కిలోలు తూగుతుంది. అలాంటివి ఏడంటే బట్ట ముక్క పెట్టకుండానే ఇరవై కిలోలు దాటాయి!

అత్త: ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు డేరాలతో, వంటసామానుతో, పెద్ద పరివారంతో వెళ్ళారు. తిరుగుదారిలో మన ప్రాంతం మీదుగానే వెళ్ళి 1831లో ఇల్లు చేరారు. అన్నీ వెంట ఉండబట్టే అంత దూరం పోయి క్షేమంగా తిరిగి వచ్చారు.

మేనకోడలు: వారి వెంట పల్లకీ మోసే బోయీలున్నారు, అత్తా. మన వెంట ఎవరున్నారు? కాశీలో ఘాట్ల దగ్గరి ఆశ్రమానికి బండి రాదు. గొదౌలియా పరిసరాల్లో దిగి సందుల్లో నడవాలి. ఆవు ఎదురైతే మనమే గోడకు ఒదిగి నిలబడాలి. ఆ రాళ్ళ నేల మీద చక్రాల పెట్టె నాలుగు అడుగులు సాఫీగా దొర్లదు, చేత్తో ఎత్తుకోవలసిందే. మామయ్య ఎత్తలేరు, మీరు ఎత్తకూడదు, పిల్లలు ఎత్తినట్టే ఎత్తి మధ్యలో దించేస్తారు. జాబితా రాసేటప్పుడు ప్రతి వస్తువు ఎదుటా దాన్ని మోసేవారి పేరు కూడా రాయండి. నాకు తెలిసి సగం వస్తువులు అక్కడే రాలిపోతాయి.

అత్త: మందులకు కూడా ఇదే లెక్కా?

మేనకోడలు: కాదు. మందుల దగ్గర మీ జాబితా చాలదు. మామయ్య బీపీ మాత్రలు సరిగ్గా ప్రయాణం రోజులకు లెక్కపెట్టి పెట్టారు. పొగమంచుకు రైలు ఆగిపోవచ్చని మీరే అన్నారు కదా, మరో వారానికి సరిపడా వేయండి. వాటిని రెండు భాగాలు చేసి వేరు వేరు సంచుల్లో పెడితే, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఇన్సులిన్ పెన్ను మాత్రం ఆయన చేసంచిలోనే, ఎండ తగలకుండా ఉండాలి. డాక్టరు చీటీ అసలు కాగితం ఒకరి దగ్గర, దాని ఫోటో అందరి ఫోన్లలో ఉండాలి. అక్కడ మన బ్రాండు దొరకకపోతే చీటీలో మందు అసలు పేరు చూసి ఇస్తారు.

అత్త: ఇంతసేపటికి ఒక పెద్దమనిషి మాట మాట్లాడావు. సరే, హోల్డాళ్ళు మానేద్దాం. మనిషికొక దుప్పటి, ఒక శాలువ. పెట్టెలు నాలుగుకు దించుతాను, అంతకన్నా దించను. మరి తిరిగి వచ్చేటప్పుడు గంగ చెంబులు, కాశీ దారాలు, ఊళ్ళో వాళ్ళు చెప్పి పంపిన బనారస్ చీరలు ఎందులో తెస్తావు? సమారాధననాడు వచ్చినవారికి ఉత్త చేతులు చూపిస్తామా?

మేనకోడలు: అందుకే వెళ్ళేటప్పుడు నాలుగు పెట్టెల్లో ఒకటి సగం ఖాళీగా ఉండాలంటున్నాను. గంగ చెంబులు బరువైనవే, వాటిని వద్దనే ధైర్యం నాకు లేదు. కాశీలో ఏదో ఒకటి వదిలి రావాలన్నది ఆచారమే కదా, మీరు ఆ మూడో స్వెటరును వదిలి రండి.

అత్త: కాశీలో వదలవలసింది ఇష్టమైన కాయో పండో గాని, మీ మామయ్య స్వెటరు కాదు. నేను కాకరకాయ వదులుదామనుకుంటున్నాను.

మేనకోడలు: మీకు కాకరకాయ ఇష్టమని ఇంతవరకు ఎవరికీ తెలియదు.

అత్త: అది నాకూ విశ్వనాథుడికీ మధ్య సంగతి. ఇక తిండి విషయంలో నన్ను కదిలించకు. జంతికలు, చోడిపిండి (రాగిపిండి), కారప్పొడి తప్పవు. ఆవకాయ జాడీ ఉండే తీరాలి.

మేనకోడలు: ఆశ్రమంలో మన భోజనమే పెడతారు. కారప్పొడి తూకానికి తేలిక, చోడిపిండి మామయ్యకు అవసరం, ఆ రెంటికీ అడ్డు చెప్పను. పింగాణీ జాడీ మాత్రం ఖాళీగా ఉన్నా బరువే, పగిలితే నూనె నాలుగు పెట్టెలకూ పడుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, వారానికి సరిపడా ఆవకాయ పెట్టండి.

అత్త: ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ రుచి మారుతుంది. జాడీయే వస్తుంది.

మేనకోడలు: అయితే జాబితాలో దాని ఎదుట మోసేవారి పేరు రాయండి.

అత్త: నీ పేరే రాశాను, ఇందాకే.