బోటు మీద మాస్టు: జీఐ పైపా, అల్యూమినియమా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్ కదా, వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో పెద్ద రిపేర్లన్నీ చాలామటుకు ఆ 61 రోజుల్లోనే పెట్టుకుంటారు. ఓ చెక్క ట్రాలర్ (వల లాగుతూ వేటాడే బోటు) క్యాబిన్ మీద పాత ఇనుప మాస్టు, అంటే పరికరాలు తగిలించే స్తంభం, పాడైపోయింది అనుకోండి. రాడారు, వీహెచ్ఎఫ్ (మాట్లాడుకునే రేడియో) యాంటెన్నా, జీపీఎస్, బోటు ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండరు, లైట్లు అన్నీ దాని మీదే ఉంటాయి. కొత్తది జీఐ పైపుతో (జింకు పూత వేసిన ఇనుప పైపు) చెయ్యాలా, అల్యూమినియంతోనా అని బోటు ఓనరుకీ, వెల్డింగ్ పని చేసే మామకీ మధ్య వాదన.

ఓనర్: మామా, ముందే చెప్పేస్తన్నాను, నాకు జీఐ పైపే కావాలి. మూడంగుళాల పైపు, కింద ఫ్లాంజు (బోల్టులతో బిగించే చక్రం ప్లేటు), రెండు సపోర్టులు, ఒక్క రోజులో అయిపోద్ది. నీ అల్యూమినియం రేటు వింటేనే గుండె ఆగిపోతంది.

వెల్డర్: ఒక్క రోజులో అయిపోయిందే కదా ఇప్పుడు పీకి పక్కన పడేశాం. ఫ్లాంజు దగ్గర సుత్తితో తడితే పెచ్చులు రాలినాయి, చూశావు కదా. వెల్డింగ్ పడిన చోట జింకు కాలిపోద్ది అల్లుడూ, దాని మీద ఎంత సిల్వర్ పెయింట్ కొట్టినా ఉప్పుగాలి ఆ అంచునే పట్టుకుంటది, పైగా లోపల నీళ్లు నిలిచి పైపుని లోపల్నుంచే తినేసినాయి.

ఓనర్: తుప్పు పడితే మళ్లీ వేస్తాం. ఇనుము కంటికి కనపడేలా పాడవుద్ది, అల్యూమినియం అలా కాదు, చూడ్డానికి తెల్లగా బాగుంటది, ఒకరోజు టక్కున పగులుద్ది. అప్పుడు కాకినాడలోనో పారాదీప్‌లోనో ఉంటే ఎవడు అతుకుతాడు? ఇనుమైతే జెట్టీ మీద రాడ్డు పట్టుకున్న ప్రతివాడూ అతుకుతాడు.

వెల్డర్: అది నిజమే, కాదనను. అల్యూమినియానికి టిగ్ వెల్డింగ్ మెషిన్ కావాలి, ప్యూర్ ఆర్గాన్ గ్యాసు కావాలి, గాలి తగలని షెడ్డు కావాలి. పైనుండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి, లోపల లోహమేమో 660కే కరిగిపోద్ది, అందుకే స్టెయిన్‌లెస్ బ్రష్‌తో గీకి తుడిచి అప్పుడు ముట్టించాలి, ఆ బ్రష్ కూడా ఇనుము మీద వాడనిదై ఉండాలి. కొంచెం తడి ఉన్నా బీడు (వెల్డింగ్ అతుకు గీత) నిండా బొక్కలే. ఇవన్నీ తెలిసే చెప్తన్నా, బరువు లెక్క విను. నీ మూడంగుళాల పైపు మీటరుకి ఎనిమిది కిలోల పైమాటే, 5 మీటర్లంటే దగ్గర దగ్గర 42 కిలోలు, అదంతా క్యాబిన్ మీద.

ఓనర్: 42 కిలోలకే బోటు మునిగిపోద్దా? హోల్డులో టన్నుల కొద్దీ ఐసు వేస్తన్నాను నేను!

వెల్డర్: ఐసు ఎక్కడుంది, కిందుంది, బోటుని నిలబెడతది. మాస్టు నెత్తి మీదుంది. ఐసు కరిగి, డీజిల్ ట్యాంకు సగం ఖాళీ అయ్యి, తడిసిన వల డెక్కు మీద పడున్న టైములో పక్కనుంచి అల కొట్టిందనుకో, అప్పుడు పైనున్న ప్రతి కిలో బోటుని ఇంకా పక్కకే లాగుద్ది. తిరిగి లేవడానికి టైము పడతది. బరువు తగ్గించేది ఆ టైము కోసమే.

ఓనర్: సరే తగ్గించావు. మరి అల్యూమినియం ఊగుద్ది కదా? ఇనుముతో పోలిస్తే మూడోవంతే బిగువు, ఇది నేనూ విన్నాను. ఇంజను వైబ్రేషన్‌కి పైన రాడారు వణుకుతా ఉంటే ఏం చూస్తాడు బోటు నడిపే సరంగు?

వెల్డర్: అదే సైజు పైపు పెడితే ఊగుద్ది. అందుకే నేను మూడంగుళాలు పెట్టను, నాలుగున్నర అంగుళాల పైపు, 5 ఎంఎం మందం. పైపు లావయ్యేకొద్దీ బిగువు చాలా పెరుగుద్ది, నీ ఇనుప పైపుకి దాదాపు సమానంగా వచ్చేస్తది, బరువు మాత్రం 23 కిలోలే. మిగిలిన బరువులో కొంత ఎత్తుకి వాడుకో. వీహెచ్ఎఫ్ యాంటెన్నా నీటికి 4 మీటర్ల పైన ఉంటే మాట అందే దూరంలో దాని వాటా నాలుగున్నర నాటికల్ మైళ్లు (సముద్రపు మైళ్లు), 9 మీటర్లకి ఎత్తితే ఆరుముప్పావు. ఎదుటి బోటు యాంటెన్నా వాటా దీనికి అదనం.

ఓనర్: ఇంకా నా పాయింటు అక్కడే ఉంది మామా, వెల్డింగు దగ్గర పగులుద్దా పగలదా?

వెల్డర్: చేతకానోడు చేస్తే పగులుద్ది. 6061-టీ6 రకం అల్యూమినియం పైపు మామూలుగా 276 మెగాపాస్కల్స్ (బలం కొలత) దాకా వంగకుండా తట్టుకుంటది, వెల్డింగు వేడి తగిలిన అంగుళం మేర అది సగానికన్నా కిందకి పడిపోద్ది, ఇంకో బీడు ఎక్కువ వేస్తే బలం రాదు, ఇంకాస్త మెత్తబడతది. కాబట్టి నేను చేసేదేంటంటే, వంచే బలం ఎక్కువ పడే చోట అసలు వెల్డింగే పెట్టను. పైపు ఒకే ముక్క, క్యాబిన్ రూఫు దగ్గర చుట్టూ బోల్టు క్లాంపు, కింది మొదలు ఓ సాకెట్‌లో కూర్చుంటది. రూఫు దగ్గరే వంపు ఎక్కువ, అక్కడ వేడి తగలకూడదు. బ్రాకెట్లు 5083 రకం అల్యూమినియం ప్లేటుతో, 5356 రకం వెల్డింగ్ తీగతో, పైన వంపు తక్కువున్న చోట మాత్రమే అతుకుతా. సపోర్టు కాళ్లు కూడా బోల్టులతోనే. కింద నీళ్లు కారడానికి రంధ్రం. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియానికి నేరుగా తగిలితే ఉప్పునీళ్లలో అల్యూమినియమే పోతది, ప్రతి బోల్టుకీ నైలాన్ వాషరూ బుష్షూ పడాలి. సైలెన్సర్ పక్కన మాత్రం పెట్టను, 5083 ప్లేటు 65 డిగ్రీల పైన ఏళ్ల తరబడి ఉంటే బలహీనపడి పగుళ్లిస్తది.

(ఇక్కడ నేను మామ వైపే. మాస్టు పగిలింది అనగానే అందరూ వెల్డరుని తిడతారు, అతుకు ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించారా అని ఎవరూ అడగరు.)

ఓనర్: బాగుంది. అయితే ఆ మాస్టుకే పక్కన ఓ కప్పీ (తాడు లాగే గిలక) కూడా తగిలించు, వల సంచి ఎత్తుకోడానికి.

వెల్డర్: అది మాత్రం కుదరదు.

ఓనర్: అదేంటి, పాతదానికి ఉందిగా!

వెల్డర్: పాతదాని మొదలు వంగింది తుప్పు వల్ల ఒక్కటే కాదు అల్లుడూ. ఇది పరికరాల మాస్టు, 23 కిలోల పైపు, దానిమీద రాడారూ లైట్లూ గాలీ అంతవరకే లెక్క వేశాను. చేపలు నిండిన సంచిని వించ్‌తో (తాడు చుట్టే యంత్రం) లాగితే మాస్టు కలాసీల నెత్తి మీద పడతది. రాత్రి ట్రాలింగ్‌లో పచ్చలైటు పైన, తెల్లలైటు కింద వెలగాలి, మాస్టు పడితే ఆ లైట్లూ పోతాయి, ఎదురొచ్చే ఓడకి నువ్వేం చేస్తన్నావో తెలీదు.

ఓనర్: మరి సంచి నోటితో ఎత్తమంటావా?

వెల్డర్: వెనక వల తాళ్లు మోసే గ్యాలోస్ ఫ్రేము ఇనుముదే కదా, దానికే ఇంకో ఇనుప చెయ్యి కట్టి కప్పీ పెడతా. ఆ పని ఇనుముదే, అందులో నీతో వాదన లేదు.

ఓనర్: రెండింటికీ కలిపి ఎంతవుద్దో చెప్పు. ఇంకో మాట, సముద్రంలో పగిలితే అతకడానికి ఏముంది నా దగ్గర? దానికి జవాబివ్వలేదు నువ్వు.

వెల్డర్: రెండు అరచంద్రం ముక్కలు, 5083వే, ఎనిమిది బోల్టులు ఇస్తా. పగిలిన చోట రెండువైపులా వేసి బిగించి ఇంటికొచ్చెయ్, తర్వాత ఆ ముక్క మారుస్తాం. అందుకు కూడా డబ్బులు తీసుకుంటా.

ఓనర్: తీసుకో. కానీ జూన్ 14 దాటకూడదు.

వెల్డర్: అయితే రేపు రాడారు డోము కింది ప్లేటు తెచ్చి చూపించు, బోల్టు హోల్స్ కొలుచుకోవాలి. అది చూడకుండా బ్రాకెట్టు ప్లేటు కొయ్యను.