ఒకే చీటీ మీద రెండు వైద్యాలు

వరద తీసి, లంకల్లో బురద ఆరకముందే గోదావరి డెల్టాలో జ్వరాల కాలం మొదలవుతుంది. రాజోలు నుంచి నరసాపురం దాకా, ముమ్మిడివరం నుంచి పాలకొల్లు దాకా ఏ ఊళ్లో చూసినా వరుస ఇంచుమించు ఒకటే. మొదటిరోజు మిరియాల కషాయం. మర్నాడు ఆర్ఎంపీ డాక్టరు గారి సూది. ఆ తర్వాత ఎవరో చెప్పారని బొప్పాయాకు రసం. అప్పటికీ తగ్గకపోతే భీమవరమో అమలాపురమో కాకినాడో పరుగు. అక్కడి డాక్టరు గారు "ఇంతకుముందు ఏమన్నా వాడారా?" అంటే, "అబ్బే, ఏం వాడలేదండీ" అని ఠక్కున జవాబు. నాటుమందు పేరెత్తితే కసురుకుంటారని భయం కొంత, పెద్దాయన్ని నొప్పించడం ఎందుకన్న గోదావరి మర్యాద కొంత. ఈ మొహమాటమే చాలా ఇళ్లలో జబ్బును ముదరబెడుతోందని మా అభిప్రాయం.

ఆయుర్వేదమా, ఇంగ్లీషు మందా అన్న పాత తగువును మళ్లీ పైకి తీయడం మా ఉద్దేశం కాదు. అది టీవీ చర్చల్లో ఉంది గాని ఇళ్లలో లేదు. షుగరు మాత్రల డబ్బా, శొంఠి పొట్లం, హోమియో గుళికల సీసా ఒకే అలమరలో ఎప్పటినుంచో సర్దుకుని ఉంటున్నాయి. కలిపి వాడుకోవడంలో తప్పులేదు. ఒక వైద్యుడికి తెలియకుండా ఇంకొకరి మందు మింగడంతోనే పేచీ.

ఈ మాట చెప్పడానికి డెల్టాకి ఉన్నంత హక్కు ఇంకెవరికీ లేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరుకి కోపం వచ్చి, పూర్తి డిగ్రీ దక్కక ఎల్ఎంఎస్ అనే కింది పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత పాఠాలు చెప్పింది మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో, అదీ శరీరనిర్మాణ శాస్త్రం. అక్కణ్నుంచి అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధనలోంచి 1947లో వచ్చినదే డైఇథైల్ కార్బమజీన్. ఆయన పుట్టిన ఊరి చుట్టూ తరతరాలుగా కాళ్లను బోదలెక్కిస్తున్న ఫైలేరియాకు మందు అది. ఈనాటికీ ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి ఇస్తున్న డీఈసీ మాత్ర అదే. ఆ మాత్రను మన ఊళ్లలో చాలామంది చేత్తో అందుకుని, "అన్నం తిన్నాక వేసుకుంటాంలే అమ్మా" అని గూట్లో పెట్టేస్తున్నారు. వేసుకుంటే జ్వరం వస్తుందని భయం. ఒంట్లో సూక్ష్మక్రిములు ఉన్నవారికి అవి చచ్చేటప్పుడు ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం, తల తిరగడం ఉండొచ్చు. అంటే ఆ మాత్ర అవసరం వారికే ఎక్కువని అర్థం. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, మంచం పట్టిన రోగులు తప్ప మిగతావారు ఆశా ఎదుటే మింగాలి.

అయితే మాత్ర చేసేది సగం పనే. ఒకసారి గట్టిపడి బోదగా మారిన కాలును అది వెనక్కి తేలేదు. అక్కడ పని సబ్బుది, నీటిది, ఓపికది. రోజూ సాయంత్రం పొలం నుంచో చేపల చెరువు నుంచో వచ్చాక కాలును మామూలు నీటితో, సబ్బుతో మెల్లగా కడగాలి. చర్మం మడతల్లోనూ, వేళ్ల సందుల్లోనూ తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. తడికి పాసిపోయి తెల్లబడిన సందుల్లోంచే క్రిములు లోపలికి దూరతాయి. గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం వచ్చి మూడేసి రోజులు మంచాన పడేసేది ఇదే. ఒక్కో జ్వరంతో కాలు ఇంకాస్త లావెక్కుతుంది. అక్కడ పుండు కనిపిస్తే మలాము, జ్వరం వస్తే యాంటీబయాటిక్ డాక్టరు రాయాల్సిందే. పడుకునేటప్పుడు కాలికింద దిండు పెట్టడం, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించడం ఎవరికి వారు చేసుకోవచ్చు. వేడినీళ్ల కాపడం, ఆకు కట్లు మాత్రం వద్దు. స్పర్శ తగ్గిన చర్మం కాలినా తెలియదు.

కేరళలోని కాసరగోడ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లయిడ్ డెర్మటాలజీ అనే సంస్థ బోదకాళ్లకు చేస్తున్న చికిత్స ఈ సందర్భంలో చెప్పుకోవాలి. సబ్బుతో కడగడం, మూలికల కషాయంలో కాలు నానబెట్టడం, నూనెతో మర్దన, యోగాసనాలు, శ్వాస వ్యాయామం, ఆపైన బిగుతుగా చుట్టే కట్టు, పుండ్లకు ఇంగ్లీషు మందు. చర్మవైద్యులు, ఆయుర్వేద వైద్యులు ఒకే రోగిని ఒకేచోట కూర్చోబెట్టి చూస్తారు. కాలు ఎంత తగ్గిందో కొలతలు తీసి అంతర్జాతీయ వైద్య పత్రికల్లో ప్రచురించారు కూడా. రెండు వైద్యాలు కలవడమంటే మాకు తెలిసినంతలో ఇదీ. బోదకాలు మన సొంత జబ్బయి ఉండి, ఈ పని కేరళలో జరగడం కొంచెం చివుక్కుమనిపించే సంగతి.

ఇక పసిరికలు, అంటే పచ్చకామెర్లు. డెల్టాలో పసరు మందుకి ఉన్నంత పేరు ఇంకే నాటు వైద్యానికీ లేదు. ఫలానా ఊళ్లో ఫలానా వారింట్లో తెల్లవారకముందు వెళ్తే ఇస్తారు, డబ్బులు పుచ్చుకోరు, మూడు వారాలు చారన్నం పథ్యం. చాలామందికి తగ్గుతుంది. తగ్గడానికి కారణం వేరు. కలుషితమైన నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు ఎక్కువమందిలో కొద్ది వారాల్లో వాటంతటవే పోతాయి. పథ్యం పూర్తయ్యేసరికి జబ్బూ పూర్తవుతుంది. పేరు పసరుకి దక్కుతుంది. మామూలు మనిషికి దీనివల్ల నష్టం తక్కువే అనుకున్నా, నిండు గర్భిణికి ఇ రకం సోకితే ప్రాణాపాయం. హెపటైటిస్ బి ముదిరితే కాలేయం గట్టిపడుతుంది. కళ్లలో, ముక్కులో పోసే పసర్ల సంగతి, ముంజేతి మీద వాతల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

వరికోతల ముందు, వానల చివర వచ్చే పచ్చకామెర్లలో ఇంకొకటి దాగుంటుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో దిగి పనిచేసేవారికి కాలి పగుళ్లలోంచి సోకే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం. కళ్లు పచ్చబడకముందే ఎర్రబడతాయి. పిక్కలు పట్టుకుంటే భరించలేని నొప్పి. మూత్రం తగ్గుతుంది. ఇది ఆలస్యం చేస్తే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి పాత, చవక మందులకే లొంగుతుంది. కాబట్టి కళ్లు పచ్చబడి, జ్వరం ఇంకా కాస్తూ ఉంటే పసరింటి దారి పట్టకుండా రక్తపరీక్షకి వెళ్లాలి.

నేలఉసిరిని కొట్టిపారేస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్‌తో కలిసి, నేలఉసిరి మీద లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. సగానికి పైగా రోగుల్లో వైరస్ జాడ పోయిందన్నారు. ఆ తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో అంత ఫలితం రాలేదు. చైనావారి పాత మూలిక ఒకటి మాత్రం అదే రకం పరీక్షకు నిలబడింది. దాంట్లోంచి మలేరియా మందు ఆర్టిమిసినిన్ తీసిన తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. మన సర్పగంధలోంచి రక్తపోటుకి రిసర్పిన్ వచ్చింది. మూలికకైనా మాత్రకైనా పరీక్ష ఒకటే ఉండాలని అడుగుతున్నాం, అంతే.

రోజువారీ జీవితంలో అసలు ఇరకాటం పరగడుపుతో వస్తోంది. మనిషికి ఉన్నది ఒక్క పరగడుపు. దానికోసం థైరాయిడ్ మాత్ర, మెంతుల నీళ్లు, కాకరరసం, కలబంద గుజ్జు, నిమ్మకాయ తేనె అన్నీ క్యూ కడుతున్నాయి. థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంటసేపు కాఫీ సహా ఏదీ తాగకూడదు, లేకపోతే సరిగ్గా ఒంటికి పట్టదు. మెంతులకి, పొడపత్రికి చక్కెర తగ్గించే గుణం కొంత ఉంది. ఉంది కాబట్టే గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకుంటూ వాటినీ గట్టిగా పట్టిస్తే, మధ్యాహ్నం అన్నానికి ముందు చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. డాక్టరుకి చెబితే మోతాదు సవరిస్తారు. వంటలో వేసే చిటికెడు పసుపుతో ఏ తంటా లేదు. పసుపు సారాన్ని మిరియాల సారంతో కలిపి క్యాప్సూళ్లుగా మింగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. కరోనా రోజుల్లో ప్రతి పెరట్లోనూ పాకించిన తిప్పతీగ గురించి ముంబయి వైద్యులు 2021లో ఇలాంటి కేసులే ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. ఆ వాదం తేలేదాకా, కాలేయ జబ్బు ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కొబ్బరిబొండం మీద కోనసీమలో మాట తూలడం అంత తేలిక కాదు. ఎండనపడి వచ్చినవాడికి, జ్వరంతో నోరు చేదైనవాడికి అంతకు మించిన పానీయం లేదు. గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి బీపీ మాత్రలమీద ఉండి కిడ్నీ పరీక్షలో తేడా వచ్చినవారు రోజూ బొండాలు తాగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చూడటానికి వచ్చే చుట్టాలు గెలలకు గెలలు తెచ్చేది ఇలాంటివారికే. విరేచనాలకి కూడా కొబ్బరినీళ్లతో సరిపెట్టకూడదు, అందులో ఉప్పు తక్కువ. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి కలుపుకోవాలి.

డెంగీలో బొప్పాయాకు రసం తాగేవారు తాగనీ, దాన్ని నమ్ముకుని ప్లేట్లెట్ల లెక్కలు చూసుకుంటూ ఇంట్లో కూర్చోవద్దు. జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజులే గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికే. జ్వరానికి పారాసిటమాల్ తప్ప నొప్పి సూదులు వేయించుకోకూడదు. ఈ విషయంలో ఇంగ్లీషు వైద్యం పేరుతో జరుగుతున్న చేటు నాటు వైద్యాన్ని మించిపోయింది. "సూది పడితేగాని తగ్గదండీ" అని రోగే అడుగుతాడు, డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది ఎక్కుతుంది, పక్కన సెలైన్ సీసా వేలాడుతుంది. బస్టాండు దగ్గర అమ్మే మోకాళ్ల నొప్పుల పొడి కూడా ఇదే తంతు. పేరు ఆయుర్వేదం, లోపల స్టెరాయిడ్. రెండు వారాల్లో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, మొహం గుండ్రంగా ఉబ్బితే అనుమానించాలి. అప్పటికే నెలలుగా వాడుతుంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకుండా ఆ పొట్లాన్ని డాక్టరుకి చూపించాలి. మంచి ఆయుర్వేద వైద్యులు ఈ పొడుల్ని చూస్తే మనకంటే ఎక్కువ మండిపడతారు.

పసిపిల్లల సంగతి క్లుప్తంగా. ఒంటికి నూనె రాసి నీళ్లు పోయడం మంచిదే. ముక్కుల్లో నూనె చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. ఏడాది దాటిన పిల్లల దగ్గుకి పడుకునే ముందు చెంచాడు తేనె పనిచేస్తుంది, ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించకూడదు. ఆరునెలల దాకా వసకొమ్ము, ఉగ్గుమందు ఏదీ వద్దు, తల్లిపాలే. కర్పూరం పిల్లలకి అందేచోట పెట్టకండి, మింగితే ఫిట్స్ వస్తాయి. పాముకాటుకి పసరూ లేదు, మంత్రమూ లేదు. కట్లపాము కరిస్తే గాటు కూడా సరిగా కనబడదు. 108కి ఫోను చేయాలి.

షుగరు, పక్షవాతం పోగొడతామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి ప్రకటనల ప్రచురణలో ఎవరూ ఏ విధంగానూ పాలుపంచుకోకూడదని అందులో రాసి ఉంది. అంటే పత్రికలకూ, మా పత్రికకూ అది వర్తిస్తుంది. విడిగా అమ్మే పొడుల్ని ఔషధ నియంత్రణ అధికారులు సంతల్లోంచి ఎత్తి పరీక్షకు పంపి, ఫలితాలు తెలుగులో ఊరూరా అతికించాలని కోరుతున్నాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు రాసే ఓపీ చీటీ మీద ఇంకొక గడి చాలు, "ఇంట్లో, బయట వాడుతున్న ఇతర మందులు" అని. అడిగేటప్పుడు గొంతులో చిరాకు లేకుండా అడగాలి. ఆయుష్ వైద్యులు కూడా తాము ఇచ్చినది అదే చీటీ మీద రాయాలి.

బోదకాళ్లవారికి ప్రభుత్వాలు టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, మలాము ఉన్న కిట్లు ఇస్తున్నాయి. కిట్టు చేతిలో పెట్టి ఫొటో తీయడంతో సరిపెట్టకుండా, కడిగే విధానం ఏఎన్ఎం దగ్గరుండి చూపించాలి. డెల్టా జిల్లాల నుంచి ఒక్కో అల్లోపతి డాక్టరునీ, ఒక్కో ఆయుర్వేద డాక్టరునీ జంటగా కాసరగోడ్ పంపి శిక్షణ ఇప్పించడానికి కొత్త జీవోలు, కొత్త భవనాలు అక్కర్లేదు. వచ్చే విడత డీఈసీ మాత్రల పంపిణీకి ముందే ఆ పని మొదలుపెట్టవచ్చు.