చివరి ఖాళీకి సున్నా మార్కులు

ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అంకెకీ అంకెకీ మధ్య ఒక ఖాళీ. ఇది తప్పు సమాధానం.

నవ్వకండి. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం సీ లాంగ్వేజ్ ల్యాబ్‌లో మా మేనకోడలు రాసిన ప్రోగ్రాం ఇచ్చిన జవాబు ఇది. దానికి మార్కులు వేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, అది వేసింది సున్నా. ఒకటి నుంచి ఎన్ దాకా అంకెల్ని ఒకే లైన్లో, మధ్యలో ఖాళీతో ప్రింట్ చెయ్యమన్నారు. పిల్ల చేసింది. కాకపోతే లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడు, తిరిగిన ప్రతిసారీ అంకె వెనకాలే ఒక ఖాళీ పడుతుంది గనక, అయిదు తర్వాత కూడా ఒకటి పడింది. ఆ ఖాళీ తెర మీద కనపడదు. ప్రింటు తీస్తే కాగితం మీదా కనపడదు. పైనున్న దేవుడికీ, సర్వర్‌లో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్‌కీ మాత్రమే కనపడుతుంది. దేవుడైతే క్షమిస్తాడు.

తర్వాత ల్యాబ్‌లో జరిగిన విచారణ గురించి చెప్పుకోవాలి. తెర మీద రెండు పెట్టెలు. ఎడమవైపు రావలసిన అవుట్‌పుట్, కుడివైపు వచ్చిన అవుట్‌పుట్, కింద ఎర్రటి అక్షరాల్లో తీర్పు. మొదట ల్యాబ్ అసిస్టెంట్ వచ్చారు. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి, అటొకటి ఇటొకటి పైకి చదివారు. తేడా లేదు. "సెమీకోలన్ పెట్టావా అమ్మా?" అన్నారు. సెమీకోలన్ లేకపోతే అసలు కంపైలే కాదని, అంటే ప్రోగ్రాం నడవనే నడవదని ఆయనకూ తెలుసు, కానీ వచ్చాక ఏదో ఒకటి అడగాలి కదా. తర్వాత మేడం వచ్చి ఫాంట్ తేడా ఏమో అన్నారు. వెనక బెంచీ కుర్రాడు బ్రౌజర్ మూసి తెరవమన్నాడు. మూసి తెరిచారు. ఇంకొకడు కంప్యూటరే మార్చమన్నాడు. మార్చారు. సున్నా మాత్రం వెంటే వచ్చింది. ఎవరో రికార్డు పుస్తకంలోంచి స్కేలు తీసి మానిటర్‌కి ఆనించి కొలిచారు కూడా. స్కేలు లెక్కన రెండు లైన్లూ సమానం. ఈ గుంపు చూసి హెచ్ఓడీ గారు లోపలికొచ్చారు, కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు తెరవైపు చూశారు, "లాజిక్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని సెలవిచ్చి వెళ్లిపోయారు.

చివరికి ఓ సీనియర్ అమ్మాయి వచ్చి, ఏమీ మాట్లాడకుండా, ఆ లైను మీద మౌస్ పెట్టి సెలెక్ట్ చేసింది. నీలం పట్టీ అయిదు దాటి ఇంకో గడి ముందుకెళ్లి ఆగింది. అంతే! అందరూ ఒక్కసారి "ఓహో" అన్నారట. మందు కూడా ఆ అమ్మాయే చెప్పింది: ఖాళీని అంకె తర్వాత కాదు, అంకెకి ముందు వెయ్యాలి, మొదటి అంకెకి మాత్రం మానెయ్యాలి. ఒక్క ఇఫ్ షరతుతో పోయేదానికి డిపార్ట్‌మెంట్ మొత్తం కదిలింది.

ఈ శాస్త్రంలో ఇంకా చాలా మర్మాలున్నాయి. 'ఎంటర్ ఎ నంబర్' అని అడిగి మరీ అంకె తీసుకోవడం మర్యాద అని టర్బో సీ అనే పాత సాఫ్ట్‌వేర్ నీలం తెర ముందు కూర్చోబెట్టి తరాల తరబడి నేర్పారు. ఆ మర్యాద ఇప్పుడు నేరం. అవుట్‌పుట్‌లో జవాబు తప్ప ఇంకే మాటా ఉండకూడదట, పలకరింపుకి కూడా మార్కులు కోస్తారు. మూడు సబ్జెక్టుల్లో కలిపి 200 వస్తే సగటు 66.67 అని చూపించాలి. సీలో తెర మీద ప్రింటు చేసే ఆజ్ఞ ప్రింట్ఎఫ్; దానికి ఎన్ని దశాంశాలో చెప్పకుండా వట్టి ఎఫ్ ఇస్తే పాయింటు తర్వాత ఆరంకెలు వేసి 66.666667 అంటుంది, సున్నా. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగించినవాడికి 66.00 వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా, రెండే దశాంశాలతో, పూర్తిగా తప్పు. వాడికీ సున్నానే. లెక్క తప్పినవాడూ, అలంకారం తప్పినవాడూ ఒకే బోనులో నిలబడతారు. ఇక పీడీఎఫ్‌లో ఇచ్చిన నమూనా కోడ్‌ని కాపీ చేసుకుంటే, వంకర తిరిగిన కోట్స్ కూడా దాంతోపాటే వస్తాయి. పాత కంపైలర్ వాటిని చూసి 'స్ట్రే 342' (దారితప్పిన గుర్తు) అంటుంది. మొదటి ఏడాది పిల్లలకి అది ఎర్రరో, తప్పిపోయిన బస్సు నంబరో తెలియదు.

ఇంత నిష్ఠ పాటించే చదువులో రికార్డు పుస్తకం సంగతి చూడండి. కుడిపేజీలో ప్రోగ్రాం పెన్నుతో, ఎడమపేజీలో అవుట్‌పుట్ పెన్సిల్‌తో, స్కేలు పెట్టి గీసిన గళ్లలో. సగంమంది అవుట్‌పుట్‌ని కంప్యూటర్ ముందు కూర్చోకుండానే హాస్టల్ మంచం మీద రాస్తారు. సంఖ్యల్ని అవరోహణ క్రమంలో అమర్చమంటే ఆరోహణలో రాసిన పేజీ మీద కూడా ఎర్రసిరా సంతకం పడింది, నేను కళ్లారా చూశాను. అక్కడ ఏనుగు వెళ్లినా ఫరవాలేదు. ఇక్కడ మాత్రం కోడిగుడ్డుకి ఈకలు పీకుతారు.

లైను చివర ఖాళీ ఎందుకు ఉండకూడదని ఆ పిల్ల అడిగింది. "సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదమ్మా" అన్నారు. ఇదా జవాబు? అవుట్‌పుట్ పద్ధతిగా ఉండాలి, కాదనను. బ్యాంకు పాస్‌బుక్కులో డెబిట్ కాలమ్ జరిగి క్రెడిట్ కింద పడితే ఎవరూ ఊరుకోరు. మరి ఆ మాటే చెప్పి నేర్పొచ్చు కదా! రెండు ఫైళ్లని లైను లైనుగా పోల్చి తేడా ఎక్కడుందో చూపించే డిఫ్ అనే ప్రోగ్రాం, సీ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే తయారై, 1974లో యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిదో ఎడిషన్‌తోపాటు బయటికొచ్చింది. లైను చివరి ఖాళీల్ని పట్టించుకోకుండా పోల్చే ఆప్షన్ కూడా దానికి ఎప్పటినుంచో ఉంది. పోటీ ప్రోగ్రామింగ్‌లో కూడా ఒకప్పుడు 'ప్రెజెంటేషన్ ఎర్రర్' అని విడిగా చెప్పేవారు, అంటే నీ లెక్క సరే, ముస్తాబు చూసుకోమని. వీళ్లకి ఆ పాటి దయ కూడా లేదు. అదే ల్యాబ్‌లో ఒక మహానుభావుడు లూపే రాయకుండా, కోట్స్ మధ్య ఒకటి నుంచి అయిదు దాకా చేత్తో టైపు చేసి ప్రింట్ఎఫ్‌లో పెట్టేశాడు. ఎన్ ఎంత ఇచ్చినా వాడి ప్రోగ్రాం అయిదు దగ్గరే ఆగుతుంది. ప్రోగ్రాంని పరీక్షించడానికి ఇచ్చే టెస్ట్ కేసు ఉన్నది ఒక్కటే, అదీ తెర మీద కనపడేదే కాబట్టి పదికి పది. లూపు రాసిన పిల్లకి సున్నా. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ ఎర్రర్ మెసేజీలకే బిక్కచచ్చిపోయే పిల్ల. ఆ రాత్రి ఫోన్ చేసి "నాకు కోడింగ్ రాదు మామయ్యా" అంది. వచ్చింది తల్లీ! రానిది నీకు తప్పు ఎక్కడుందో చూపించడం చేతగాని పెద్దమనుషులకి.

తర్వాతి అసైన్‌మెంట్‌లో పేర్లూ మార్కులూ పట్టికలా ప్రింట్ చెయ్యాలి, పేరుకి పది గడుల వెడల్పు. సరదాకి తెలుగులో పేర్లిచ్చి చూసింది. ప్రింట్ఎఫ్ లెక్కపెట్టేది అక్షరాల్ని కాదు, వాటిని దాచడానికి పట్టే బైట్లని. కంప్యూటర్‌లో అక్షరాల్ని దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికీ మూడు బైట్లు. రాము అనే పేరులో ర, దీర్ఘం, మ, కొమ్ము కలిపి 12. పది గడులూ దాటిపోయాయి కాబట్టి ఒక్క ఖాళీ కూడా వెయ్యక్కర్లేదని తేల్చి, మార్కుల్ని పేరుకి అతికించేసింది. అదే రాముని ఇంగ్లిష్‌లో రాస్తే నాలుగు బైట్లు, ఆరు ఖాళీలు, పట్టిక చక్కగా కుదురుతుంది. దీనికి మార్కులు పోలేదు లెండి, పరీక్షలో తెలుగు పేర్లు ఎవరూ ఇవ్వరు.

ఈ వారం నక్షత్రాల పిరమిడ్ ఇచ్చారట, అయిదు వరసలు. నేను కూర్చుని లెక్కేశాను. నక్షత్రాలు 15. ఎడమ పక్కన 10 ఖాళీలు, నక్షత్రాల మధ్య ఇంకో 10. ప్రతి నక్షత్రం తర్వాతా ఒకటి వేసే అలవాటు పోనివాళ్లకి మొత్తం 25. వీటిలో ఏ అయిదింటికి సున్నా వేస్తారో మీకిప్పుడు తెలుసు.