కారు అడుగు చూపించని వారికి కోటింగ్ డబ్బులు ఇవ్వకండి

సముద్రం పక్కన కారు ఉంచుకున్న మనల్ని తుప్పు భయం చూపించి ఎంత సులువుగా దోచుకుంటున్నారో ఈ సాయంత్రం కళ్లారా చూసి వచ్చాను, ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. మన విశాఖ నగరంలో బాగా పేరున్న ఒక సర్వీస్ సెంటర్ పోయిన వర్షాకాలానికి ముందు నా కారుకు యాంటీ రస్ట్ అండర్‌బాడీ కోటింగ్, అంటే అడుగు రేకుకు తుప్పు పట్టకుండా కాపాడే పూత, వేశామని చెప్పి వేలల్లో బిల్లు వసూలు చేసింది. ఈ రోజు సైలెన్సర్ దగ్గర ఏదో కొట్టుకుంటున్న శబ్దం వస్తోందని గాజువాక ఆటోనగర్‌లోని ఒక చిన్న షెడ్డుకు తీసుకెళ్తే, అక్కడి టింకరింగ్ మేస్త్రి కారును పైకెత్తి, స్క్రూడ్రైవర్ కొనతో ఆ నల్లటి పొర మీద ఒక్క గీత గీశారు. అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనుక ఎర్రమట్టి, ఆ మట్టిలో ఇంకా ఆరని తడి, ఆ తడి కింద పొరలు పొరలుగా లేచిన తుప్పు కనిపించాయి. "కడగకుండా మట్టి మీదే కొట్టేశారు సార్, అసలేమీ వేయకుండా వదిలేసినా ఇంత పాడయ్యేది కాదు" అన్నారాయన.

అక్కడి నుంచే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. అడ్వైజర్ నా మాట పూర్తిగా వినకుండానే, "సముద్రం దగ్గర తుప్పు రావడం సహజం కదా సార్" అన్నాడు. తుప్పు రావడం సహజమని నాకు తెలియకపోతే కోటింగ్ ఎందుకు వేయించుకుంటాను? తుప్పు సహజమని చెప్పే కదా వాళ్లు నా దగ్గర డబ్బు తీసుకున్నారు! డబ్బు తీసుకునే రోజున భయపెట్టడానికి వాడిన మాటనే, నిలదీసిన రోజున తప్పించుకోవడానికి వాడుతున్నారంటే వీళ్లకు మన మీద ఎంత లోకువ ఉందో మీరే ఆలోచించండి.

లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, కిర్లంపూడి లేఅవుట్, రుషికొండ, అక్కడి నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు వెంబడి ఉండే మనకు తుప్పు గురించి పాఠాలు ఎవరూ చెప్పనక్కరలేదు. బాల్కనీ గ్రిల్లుకు రంగు వేసిన ఏడాదికే ఎర్రటి చారలు దిగడం, గేటు బోల్టులు బిగుసుకుపోవడం, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ స్టాండు కుళ్లి వంగిపోవడం మనం రోజూ చూస్తున్నవే. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో ఉప్పును మోసుకొస్తుంది, ఒడ్డుకు దగ్గరగా ఉన్న కొన్ని వందల మీటర్లలో దాని ప్రభావం మరీ ఎక్కువ. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది దానంతట అదే కరిగి నీరవుతుంది. మన ఊళ్లో తేమ అంతకు మించే రాత్రులకు కొదవ లేదు కాబట్టి, చుక్క వాన పడకపోయినా కారు అడుగున పట్టిన ఉప్పు రేకును తడిగానే ఉంచుతుంది. మామూలు నీటి కంటే ఉప్పునీటిలో ఇనుము ఎంతో త్వరగా తుప్పు పడుతుంది. ఇది తెలిసిన వాడెవడైనా ముందు ఆ ఉప్పును కడిగిపారేయాలి, తర్వాతే మిగతా పని మొదలుపెట్టాలి. ఉప్పునూ మట్టినీ తడినీ అలాగే ఉంచి పైన తారు లాంటి పొర కప్పడం, పుండులో ఇసుక ఉండగానే కట్టు కట్టినట్టు కాదా?

అసలు పని ఎలా చేయాలో మేస్త్రి చెప్పారు. చక్రాలు విప్పాలి, లోపలి ప్లాస్టిక్ తొడుగులు తీయాలి, ఒత్తిడి నీటితో అడుగంతా కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి. తుప్పు ఉన్నచోట తీగ బ్రష్‌తో మెరిసే రేకు కనిపించేదాకా గీకి, ప్రైమర్ పట్టించి, అది ఆరాకే కోటింగ్ కొట్టాలి. కొట్టేటప్పుడు సైలెన్సర్‌కూ, బ్రేకులకూ, యాక్సిల్ షాఫ్టుల మీది రబ్బరు బూట్లకూ కాగితం చుట్టి కప్పాలి. నీరు బయటకు పోవడానికి తయారీలోనే పెట్టిన రంధ్రాలను మూసేయకూడదు. ఇంత పని సక్రమంగా చేస్తే కడగడానికీ ఆరడానికే పూట గడిచిపోతుంది. నా కారును ఉదయం తీసుకుని మధ్యాహ్నం భోజనాల వేళకు తిరిగి ఇచ్చేశారు, అందులోనే జనరల్ సర్వీసు, వాషింగ్, వీల్ అలైన్‌మెంట్ కూడా చేశామని జాబ్ కార్డులో రాశారు.

వీటన్నిటికంటే ఎక్కువ మండుతున్నది ఇంకొకటి ఉంది. కోటింగ్ వేసేటప్పుడు చూస్తానని నేను ఆ రోజు అడిగాను. కస్టమర్లకు లోపలికి అనుమతి లేదని, భద్రతా నిబంధనలని చెప్పి ఏసీ గదిలో కూర్చోబెట్టారు, చేతికి కాఫీ ఇచ్చారు. నిబంధనలను నేను కాదనను, లిఫ్టుల కింద జనం తిరగకూడదన్నది మంచి మాటే. అయితే పని పూర్తయ్యాక బండి లిఫ్టు మీద ఉండగానే యజమానిని పిలిచి రెండు నిమిషాలు చూపించడానికి ఏ నిబంధన అడ్డం వచ్చింది? సెల్‌ఫోన్‌తో కడగక ముందు ఒక ఫొటో, కడిగాక ఒక ఫొటో, కోటింగ్ అయ్యాక ఒక ఫొటో తీసి పంపడానికి ఏం అడ్డం వచ్చింది? సర్వీసు అయిన మర్నాడే అయిదు నక్షత్రాలు ఇవ్వమని పదేపదే ఫోన్ చేయడానికి మనుషులున్నారు, ఫొటో తీయడానికి మాత్రం ఎవరూ లేరు. మాంసం కొట్లో కూడా కళ్లముందే కోసి తూచి ఇస్తారు, లక్షలు పోసి కొన్న కారు విషయంలో కళ్లు మూసుకుని సంతకం పెట్టాలని అడగడం ఎక్కడి న్యాయం?

మన తోటి వాహనదారుల మీద కూడా నాకు కోపం ఉంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా తుప్పు గురించి అడగగానే సిరామిక్ కోటింగ్ వేయించమని సలహా ఇచ్చేవారు ముందుకొస్తారు. సిరామిక్ కోటింగ్ పైన రంగుకు మెరుపు ఇస్తుంది, మురికి తేలికగా పోయేలా చేస్తుంది, పోర్టు దగ్గరి వన్‌టౌన్ వైపు ఉండి రోజూ నల్లటి దుమ్ము తుడుచుకునేవారికి ఆ మేరకు ఉపయోగపడవచ్చు. మన కార్లను తినేసే తుప్పు మాత్రం ఎక్కువగా అడుగు నుంచీ, తలుపుల లోపలి నుంచీ, మడతల సందుల నుంచీ మొదలవుతుంది, అక్కడికి ఆ సిరామిక్ చేరదు. ఇంకొందరు రాత్రింబవళ్లు కవరు కప్పి ఉంచమంటారు. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు తేమనూ ఉప్పునూ లోపలే బంధిస్తుంది, బీచ్ గాలికి కొట్టుకుంటూ రంగును గీసేస్తుంది. తెలియని విషయంలో ఊరుకుంటే అది కూడా సహాయమేనని ఈ సలహాదారులు ఎప్పుడు గ్రహిస్తారు?

ఈ కోపం ఈ రోజు పుట్టింది కాదు. కారు ఏసీ గ్యాసు విషయంలో మన ఊళ్లో ఏళ్ల తరబడి సాగుతున్న దోపిడీ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏప్రిల్ వచ్చి ఉక్కపోత మొదలవగానే ఏసీ చల్లగా రావడం లేదని వెళ్తాం, గ్యాసు తగ్గిందని చెప్పి నింపి పంపిస్తారు, మళ్లీ ఏప్రిల్‌కు అదే మాట, అదే బిల్లు. ఏసీ గ్యాసు పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. ఏటా నింపాల్సినంతగా తగ్గిపోతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఎక్కడ కారుతోందో కనిపెట్టకుండా నింపడమంటే, వచ్చే ఏడాది మళ్లీ రమ్మని డబ్బు తీసుకుని మరీ చెప్పడమే. మన దగ్గర చాలాసార్లు కారేది ముందు బంపరు వెనుక ఉండే కండెన్సర్ నుంచి. దాని పలచటి అల్యూమినియం రెక్కల మధ్య ఉప్పు, మట్టి, ఆకుల పొడి ఇరుక్కుని సన్నని రంధ్రాలు పడతాయి. నైట్రోజన్ ఒత్తిడితో గానీ, రంగు ద్రవం కలిపి గానీ పరీక్షిస్తే లీకు దొరుకుతుంది. ఆ పరీక్ష చేయమని అడిగితే పార్టు మొత్తం మార్చాలంటారు, లేకపోతే గ్యాసే నింపుకోమంటారు. మా నాన్నగారు పాత కారులో ఇలా ఏటా కట్టిన డబ్బును కూడితే కొత్త కండెన్సర్ ఎప్పుడో వచ్చి ఉండేది. ఆయన మెత్తని మనిషి, ఎదురు ప్రశ్న వేయలేదు, ఆ మెత్తదనం మీదే వాళ్లు బతికారు.

ఏసీలోనైనా, అడుగు రేకులోనైనా జరుగుతున్నది ఒక్కటే. మన ఊరి గాలిని సాకుగా చూపించి, లోపాన్ని వెతకకుండా, మళ్లీ మళ్లీ డబ్బు తీసుకుంటున్నారు. బ్రేకు డిస్కుల మీద కూడా ఇదే పాట మొదలైంది. రాత్రంతా బయట ఉన్న కారు డిస్కుల మీద ఉదయానికి సన్నటి ఎర్రపొర పట్టడం సముద్రతీరంలో మామూలే, రెండు మూడు సార్లు బ్రేకు వేస్తే ప్యాడ్ల రాపిడికి అది పోతుంది. మొన్న మా పక్కింటి మేడమ్ గారికి ఆ పొరను చూపించే రెండు డిస్కులూ మార్చాలని ఎస్టిమేట్ ఇచ్చారు. డిస్కు ఎంత సన్నబడితే మార్చాలన్న కనీస మందం చాలా డిస్కుల మీద అచ్చువేసే ఉంటుంది. కొలిచి చూపించమని అడగండి, కొలత చూపించలేని వారి ఎస్టిమేట్ మీద సంతకం పెట్టకండి.

పైసా ఖర్చు లేకుండా మనమే చేసుకోగలిగిన పనుల గురించి ఆ ఏసీ గదుల్లో ఒక్కరూ నోరు విప్పరు. వాన కురిసినప్పుడు తలుపు అద్దం పక్క రబ్బరు నుంచి కొంత నీరు తలుపు లోపలికి దిగుతుంది, ఆ నీరు తలుపు అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటకు పోవాలి. వాటిలో మట్టి పూడుకుపోతే నీరు లోపలే నిలిచి తలుపు లోపలి నుంచి కుళ్లుతుంది. తలుపు వేసేటప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే సందేహించనక్కరలేదు, ఒక ప్లాస్టిక్ పుల్లతో ఆ రంధ్రాలు తెరవండి. వైపర్ల కింద జాలీలో బాదం ఆకులు, వేప ఆకులు పేరుకోనివ్వకండి, అక్కడ దారి మూసుకుపోతే నీరు కాళ్ల దగ్గరి మ్యాట్ కిందికి చేరుతుంది. ఇసుకలో నడిచిన పాదాలతో కారెక్కే మనం ఆ మ్యాట్లు ఎత్తి ఆరబెట్టాలి. రెండు వీధుల దూరానికే కారు తీసేవారు అప్పుడప్పుడైనా ఆనందపురం దాకానో అంతకంటే దూరమో వెళ్లి రావాలి, ఇంజన్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి సైలెన్సర్‌లో చేరి, అది పూర్తిగా వేడెక్కకపోతే అక్కడే నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. రుషికొండలో ఇసుక మీద కారు దించి ఫొటోలు దిగిన రోజున ఇంటికి వచ్చాక అడుగు వైపు మంచినీటితో కడగకుండా పడుకోకండి.

బీమా ఉంది కదా అని ధైర్యంగా ఉన్నవారు పాలసీ కాగితం తీసి చదవండి. వాడకం వల్ల వచ్చే అరుగుదలకూ, కాలంతో వచ్చే నష్టానికీ పరిహారం ఉండదని అందులో స్పష్టంగా ఉంటుంది, మెల్లగా పట్టిన తుప్పు ఆ లెక్కలోకే పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరం మీదే తీరం దాటినప్పుడు చెట్టు కూలి నలిగిన కారుకు క్లెయిమ్ అడగడానికి దారి ఉంది. ఏళ్ల తరబడి ఉప్పుగాలి తిన్న కారుకు ఆ దారి లేదు. ప్రమాదం జరిగి క్లెయిమ్ వచ్చినా, కారు పాతబడిన కొద్దీ భాగాల విలువలో కోత పెట్టకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ అనే అదనపు బీమా తీసుకోనివారికి ఇనుప భాగాల విలువలో ఐదేళ్లు దాటిన కారుకు 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం కోత ఉంటుంది. అమ్మేటప్పుడు ఇంకొక దెబ్బ తగులుతుంది. విశాఖ పాత రిజిస్ట్రేషన్ సిరీస్ అయిన ఏపీ 31 నంబరు కనబడగానే బయటి ఊరి కొనుగోలుదారు ముందు మ్యాట్లు ఎత్తి చూస్తాడు, అతనిది తప్పు కాదు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి, ఇప్పుడు మన ఊళ్లో సెకండ్ హ్యాండ్ కొనేవారు కూడా నంబరును చూసి కారు ఎక్కడ తిరిగిందో చెప్పలేరు. కొనే ముందు లిఫ్టు ఎక్కించి చూడాల్సిందే.

నేను ఆ సర్వీస్ సెంటర్‌కు రేపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇస్తున్నాను. పాత బిల్లు, జాబ్ కార్డు, ఈ రోజు లిఫ్టు మీద తీసిన ఫొటోలు, ఊడిన పెచ్చు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. డబ్బు తిరిగి ఇవ్వకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు కూడా లేదు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. మీలో ఈ రెండేళ్లలో అండర్‌బాడీ కోటింగ్ వేయించుకున్నవారు ఎవరైనా ఉంటే, ఈ వారంలోనే తెలిసిన మెకానిక్ దగ్గర కారు పైకెత్తించి, ముందు చక్రాల వెనుకా, తలుపుల కింది అంచు పొడవునా స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి శబ్దం రాకుండా బోలుగా మోగినచోట గీకించి, తేదీ కనిపించేలా ఫొటో తీసి, బిల్లుతో కలిపి నాకు పంపండి.