మా ఇల్లు 300 అడుగులు లేచింది

(ఇంగ్లండ్‌లో న్యూఆర్క్. జూన్ నెల శనివారం పొద్దున. గ్యారేజీలో జెట్ ప్రోవోస్ట్ విమానం, విమానం అంటే రెక్కల్లేవు తోక లేదు, తలకాయ ఒక్కటే, పైలట్ కూర్చునే కాక్‌పిట్. అందులో నర్సింగ్. గుమ్మంలో అట్లకాడతో శ్రీలత.)

శ్రీలత: ఏవండీ, దోసెలు చల్లారిపోతున్నాయ్. దిగుతారా, ఎయిర్‌హోస్టెస్‌లాగా అక్కడికే పట్టుకురానా?

నర్సింగ్: గిది ట్రెయినర్ విమానం లతా, గిండ్ల ఇద్దరే. పక్కపక్కనే కూసుంటరు, ఎడమ దిక్కు నేర్చుకునేటోడు కుడి దిక్కు నేర్పేటోడు. మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ ట్రెయినర్ విమానం కిరణ్ సుత గిట్లనే, మొదట్ల వచ్చిన కిరణ్‌లకు ఇంజన్ కూడా గిదే, పేరు వైపర్. చిన్నప్పుడు మేడ్చల్‌ల మా డాబా ఎక్కి...

శ్రీలత: చూసేవారు. పెళ్లిచూపుల్లో కూడా అదే చెప్పారు, మా నాన్న ఇప్పటికీ మీరు పైలట్ అనే అనుకుంటున్నాడు. నా కారేమో ఏడాదిగా వానలో, ఇదేమో లోపల దుప్పటి కప్పుకుని.

నర్సింగ్: అల్యూమినియం కదా, చెమ్మ తగిల్తె తెల్లగ పొడి పొడి అయితది.

శ్రీలత: నా కారు మాత్రం స్టీలు గిన్నె, కడిగి బోర్లిస్తే చాలు! సరేగానీ, పచ్చడి జాడీ పక్కన ఆ గడియారమేంటి, మూత తీద్దామంటే రావట్లేదు...

నర్సింగ్ (అదిరిపడి లేచాడు, నెత్తి టప్‌మని పైన తగిలింది): తియ్యకు! పాత డయల్ గది, ముల్లుకు రేడియం ఉంది!

శ్రీలత: ఉంటే? మా గుంటూర్లో ప్రతి ఆటో వెనకా రేడియమే, 'అమ్మ దీవెన' అని.

నర్సింగ్: గది ఉత్త స్టిక్కరు! గిది అసలు రేడియం, సగం తగ్గాల్నంటెనే 1600 ఏండ్లు. మెరుపు ఎన్నడో పోయింది, రేడియేషన్ పోలే. అద్దం ఇప్పి ఆ రంగు పొడి మింగినా పీల్చినా ఇంకా డేంజర్.

శ్రీలత: అలాంటిది నా గోంగూర పక్కన పెట్టారా!

నర్సింగ్: తీస్తనే. గని వచ్చే వారం మ్యూజియంల కాక్‌పిట్ ఫెస్ట్, యాడాడికెల్లో తలకాయలు ట్రెయిలర్లేసుకొని వస్తరు. మొత్తం విమానం పెట్టుకునే జాగ ఎవనికుంటది, తుక్కుకు పొయ్యేటప్పుడు ముక్కొక్కటి కోసి దాసుకుంటరు. నా ప్యానెల్‌ల ఒక్క బొక్క మిగిలింది. వంటింట్ల గోడకున్న ఆల్టీమీటర్, గదే ఎత్తు చూపే మీటర్, తీస్కరా.

శ్రీలత: అది ఇవ్వను.

నర్సింగ్: ఏంది?

శ్రీలత: ఇవ్వనంటే ఇవ్వను. మొన్న పొద్దున 80 అడుగులుంది, సాయంత్రానికి 380. రాత్రి దంచి కొట్టింది వాన.

నర్సింగ్: గాలి ప్రెషర్ తగ్గితె మనమే పైకి పోయినమనుకుంటది గది. పది మిల్లీబార్లు పడితె దగ్గర దగ్గర 300 అడుగులు. గని నీకెందుకు గదంత?

శ్రీలత: బయట వడియాలు పెట్టానండీ! ఫోన్లో చూస్తే ఎండ అంటది, ఈ ముల్లు లేస్తే మాత్రం వానే.

నర్సింగ్: మరి నిన్నటిదాంక తుక్కు, తుక్కు అన్నవ్!

శ్రీలత: మిగతాదంతా తుక్కే. (లోపలికి తొంగి చూసి) అయ్యో, 400 దాటింది, పరిగెత్తండి!

(ఇద్దరూ వడియాలు పెట్టిన చీర చెరో కొస పట్టుకుని గ్యారేజీలోకొచ్చి పడ్డారు. వెనకాలే చినుకులు. కింద పరుద్దామంటే అంతా స్పానర్లూ పెయింటు డబ్బాలూ.)

నర్సింగ్: ...కుడి సీట్ల పెట్టు.

శ్రీలత: ఇన్‌స్ట్రక్టర్ సీటు కదండీ?

నర్సింగ్: పెట్టు పెట్టు, తడుస్తయ్.