క్రాసింగు గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రాసింగు గారికి నమస్కారం.

నిన్న మధ్యాహ్నం, నల్గొండ ఇక రెండు స్టేషన్లుందనగా మా ప్యాసింజరును పక్క లైనులోకి తప్పించి తమరు చేసిన మర్యాద మరువలేనిది. ఒంటి పట్టాల దారిలో ఒకరు ఆగితేనే ఇంకొకరు పోగలరు, తెలుసు. ఆ ఆగేది ఎప్పుడూ మేమే ఎందుకన్నది, తిరగని పంకాల సంగతి, వేరే ఉత్తరంలో రాస్తాను.

పక్క పట్టాల మీద ఎదుటి బండి వచ్చి నిలిచింది. కాసేపటికి దాని పెట్టెలు కిటికీలో మెల్లగా వెనక్కి జరిగాయి. ‘అమ్మయ్య’ అన్నారందరూ. నాన్న చెప్పులు తొడుక్కున్నాడు. అమ్మ ఒడిబియ్యం సంచి ఒళ్లోకి తీసుకుని నల్గొండలో ఉన్న మా చెల్లెలికి ఫోను చేసింది: ‘బండి కదిలిందమ్మా, ఎసరు పెట్టండి.’ చివరి పెట్టె దాటిపోయింది. దాని వెనక అదే సిమెంటు బెంచీ, దాని కింద ఇందాకటి కుక్క, ఇందాకటి వైపుకే తిరిగి పడుకుని.

తమరి పక్షాన పెద్దలున్నారు, కాదనను. ఓడలో మూసిన గదిలో ఉన్నవాడికి, ఓడ నిలకడగా పోతోందో ఆగి ఉందో తెలియదని గెలీలియో 1632లోనే రాశాడు. పాపం, ఆయనకు గది మూయాల్సి వచ్చింది. తమరు కిటికీలన్నీ బార్లా తెరిచే సాధించారు. పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుందని, చుక్కలు పడమటికి పోవడమూ అలాంటిదేనని 499లో ఆర్యభటుడు చెప్పాడు. ఆయన పడవ కదిలింది కాబట్టి సరిపోయింది.

భూమితో పాటు గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉన్నామని పక్క సీటు కుర్రాడు ఓదార్చాడు. నల్గొండ కూడా అంతే వేగంతో తూర్పుకే పోతోంది కదా నాయనా, దాన్ని అందుకునేదెప్పుడు?

సరే, మేము నిశ్చలం, లోకమే కదులుతోందనుకుందాం. శాస్త్రం ఒప్పుకుంటుంది. అలాగైతే నల్గొండే మా దగ్గరికి రావాలి. వచ్చిందా? ఎదుటి బండిలోంచి కొలిచినా, ఆ బెంచీ మీద కూర్చుని కొలిచినా, మాకూ ఆ ఊరికీ మధ్య దూరం ఒక్క అడుగు తగ్గలేదు. అక్కడ ఒడిబియ్యం పోసే వేళ దాటిపోయింది. ‘కదిలిందన్నావు కదమ్మా’ అని చెల్లెలు ఏడుపు గొంతుతో అడిగితే అమ్మ ఏమనాలి? ఎదుటి బండితో పోలిస్తే కదిలాం బిడ్డా అనాలా? నువ్వే చెప్పు. ఫోను ఇస్తాను, నువ్వే మాట్లాడు.

ఇట్లు,
టికెట్టు కొన్న ప్రయాణికుడు